తాళింపు వాసన

పన్నెండేళ్ళుగా ఒక శబ్దాన్ని మోస్తున్నాను. మాట కూడా కాదది. ఒకావిడ నన్నొక ప్రశ్న అడిగింది, నేను "ఊఁ" అన్నాను. అంతే. పెదవులు కూడా కదపక్కర్లేదు దానికి. ఆ ఊఁ అన్నందుకు ఒక ఇల్లు రెండు ముక్కలైంది. ఆ సంగతి మీతో చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆపాటి చాటు లేకపోతే నాకు చెప్పడం చేతకాదు.

ముందే ఒక హెచ్చరిక. నేను వినయవంతుణ్ణి కాను. ఇది చదివి, పాపం పెద్దాయన ఎంత కుమిలిపోయాడో అని జాలిపడకండి. నాకు గర్వం ఎక్కువ. మా నాన్నకి ఎక్కువ, మా అమ్మకి ఇంకా ఎక్కువ, వాళ్ళిద్దరికీ పుట్టినవాణ్ణి నేను. ఈ తప్పు కూడా ఆ గర్వం కడుపునే పుట్టింది. కాబట్టి దాన్ని దాచిపెట్టి కథ చెబితే మీకేమీ అర్థం కాదు.

పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్ళే దారిలో మా ఊరు. పేరు వద్దు. అక్కడి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను, రిటైరయ్యేదాకా. ఎన్ని పాఠాలు చెప్పినా నా పేరు నిలబెట్టింది మాత్రం చర్మం పాఠం. నల్లబల్ల మీద రంగు చాక్‌పీసులతో చర్మాన్ని నిలువుగా కోసినట్టు బొమ్మ వేసేవాణ్ణి. పైన సన్నటి పొర, బాహ్యచర్మం. దాని అడుగువరసలో కొత్త కణాలు పుట్టడం, అవి మెల్లగా పైకి జరగడం, పైకొచ్చేసరికి చచ్చి పొట్టులా రాలిపోవడం. "మీరు రోజూ అద్దంలో చూసుకుని పౌడరు రాసేది చచ్చిన పొరకిరా" అంటే పిల్లలు గొల్లుమనేవారు. ఆ కింద అంతశ్చర్మం. ఎర్రచాక్‌తో రక్తనాళాలు, నీలంతో చెమట గ్రంథులు, వాటి మెలికలు, వెంట్రుకల కుదుళ్ళు, పసుపుతో నాడుల కొసలు. అట్టడుగున కొవ్వు. గీత ఎక్కడా చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి కాదు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ బొమ్మని తుడవద్దని చెప్పి వెళ్ళారు. వారం రోజులు పక్క తరగతుల వాళ్ళు కూడా వచ్చి చూశారు. నేను కారిడార్లో అటూ ఇటూ తిరిగాను, పనేమీ లేకపోయినా.

పాఠం చెప్పి ఊరుకునేవాణ్ణి కాదు. గజ్జి పట్టిన పిల్లల్ని ఇంటికి పంపకుండా, ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలని వాళ్ళ అమ్మల్ని పిలిపించి చెప్పేవాణ్ణి. తామరకి మందుల షాపువాడు ఇచ్చిన స్టెరాయిడ్ గొట్టం పూస్తే మొదట మాయమైనట్టు కనబడి తర్వాత ఒళ్ళంతా ఎలా పాకుతుందో చెప్పేవాణ్ణి. ఊడ్పుల కాలంలో నీళ్ళలో నానిన వేళ్ళసందులు ఆరబెట్టుకోండర్రా అని చేలగట్ల మీద కూడా పాఠమే. బొల్లి వచ్చిన ఆడపిల్లని ఎవరూ పక్కన కూర్చోనివ్వకపోతే, ఆ పిల్ల క్యారేజీలోంచి పులిహోర తీసుకుని అందరి ముందూ తిన్నాను. బొల్లి అంటదు, మీ అజ్ఞానం అంటుతుంది అన్నాను. ఆ మాట ఊళ్ళో చాలారోజులు తిరిగింది. నాకు తెలుసు తిరుగుతుందని.

ఇది నా కుడిచెయ్యి చేసిన ఒక పని. అదే చెయ్యి ఇంకో పని కూడా చేసేది.

మాది సర్పి రాసే ఇల్లు. సర్పి అంటే మా వైపు తెలియనివాళ్ళుండరు. నడుముకో పక్కటెముకలకో, ఒక్కవైపే, ఎర్రటి పొక్కులు పట్టీలాగా లేస్తాయి. నిప్పుకణికలు పెట్టినట్టు మంట. అది పాము అని నమ్మకం. చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు. అది కలవకుండా మా అమ్మ జాజు రాయి అరగదీసి, ఆ ఎర్రటి గంధంతో, తులసి పుల్లతో పొక్కులకి అటొకటి ఇటొకటి సింహం బొమ్మలు గీసేది. సింహం కాపలా ఉంటే పాము కదలదు. రాసినందుకు ఒక్క పైసా పుచ్చుకోకూడదు. రాయించుకున్నవాళ్ళు పథ్యం ఉండాలి. నూనె తగలకూడదు, పులుపు తినకూడదు, అన్నిటికంటే ముఖ్యం తాళింపు వాసన ముక్కుకి సోకకూడదు. సోకితే పాము బుస కొడుతుందని చెప్పేది.

మా నాయనమ్మ చేతినుంచి అమ్మకి, అమ్మ చేతినుంచి నాకు వచ్చింది ఆ హస్తవాసి. నేను బీఎస్సీ చదివినవాణ్ణి. సర్పి పాము కాదని నాకు తెలుసు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి వచ్చిన వైరస్సే అది. ఆటలమ్మ తగ్గాక అది పోదు, వెన్నుపక్కన నాడి మొదట్లో ఎక్కడో పడుకుంటుంది. ఒంట్లో సత్తువ తగ్గిన రోజున లేచి, ఆ ఒక్క నాడి వెంటే చర్మం మీదికి వస్తుంది. అందుకే ఒక్కవైపే వస్తుంది. తలా తోకా కలిసే ప్రశ్నే లేదు. చాలామందికి రెండు మూడు వారాల్లో దానంతటదే ఎండిపోతుంది. మా సింహాలు ఊరికే చూస్తూ కూర్చునేవి. అంతా తెలుసు నాకు.

మరెందుకు రాశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లో అడుక్కున్నాను. మొదట్లో, అమ్మ మాట కాదనలేక అని జవాబు చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. పొద్దున్నే స్కూలుకి బయల్దేరే వేళకి మా అరుగు మీద జనం ఉండేవాళ్ళు. పెద్ద పెద్ద ఆఫీసర్లుగా చేసి రిటైరైనవాళ్ళు నా ముందు చొక్కా పైకెత్తి చిన్నపిల్లల్లా నిలబడేవారు. "మేష్టారి చెయ్యి పడితే చాలండి" అనేవారు. ఆ మాట తీపి. స్కూల్లో సైన్సు మేష్టారు, ఇంటి దగ్గర సర్పి మేష్టారు. రెండు గుర్రాల మీద స్వారీ చేసి పడకుండా ఉన్నానని మురిసిపోయేవాణ్ణి.

అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. మెడ పైకి రాయకూడదు. "మెడ దాటితే మనది కాదురా. తలకాయలో దేవుడు చాలా సామాను సర్దాడు, మనం ముట్టుకోకూడదు. ఆసుపత్రికి పంపెయ్యి" అనేది. కారు వేసుకొచ్చిన ఒక కామందుని కూడా గుమ్మంలోంచే పంపేసింది, నుదుటి మీద పొక్కులు చూసి. ఆయన బతిమాలాడు. ఆవిడ వినలేదు. నాకు అదొక ఆచారం అనిపించేది, తాళింపు లాగే. అన్నీ ఒకే గంపలో వేశాను. ఆ గంపలో ఒకే ఒక్క గట్టి గింజ అదేనని చూసుకోలేదు.

అమ్మ పోయాక రెండేళ్ళకి మా ఆవిడకి సర్పి లేచింది. కుడివైపు నడుముకి. నేనేం చేశానో వినండి. ఆ రోజే స్కూలుకి సెలవు పెట్టి రాజమండ్రి బస్సెక్కాను. కాకినాడ దగ్గరే, కానీ కాకినాడలో ప్రతి మందుల షాపులోనూ నా శిష్యుడు ఒకడుంటాడు. రాజమండ్రిలో నన్నెవరూ ఎరగరు. మా ఆవిణ్ణి చర్మం డాక్టరుకి చూపించాను. ఆయన బిళ్ళలు రాసి, తొందరగా తెచ్చారు కాబట్టి పనిచేస్తాయి, రెండు మూడు రోజులు దాటితే పెద్దగా ఉపయోగం ఉండదన్నాడు. నడుమున వచ్చింది కాబట్టి నయం, ముఖం మీద వస్తే మాత్రం ఆ రోజే పరిగెత్తుకు రావాలి, ముక్కుకొసన పొక్కు కనబడిందంటే కంటికే ఎసరు, ఆ నాడి కొమ్మే కంట్లోకీ వెళ్తుందని కూడా చెప్పాడు. నేను తలూపాను. పాఠంలోకి పనికొస్తుందని గుర్తు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి బిళ్ళలు పోపులపెట్టె వెనక దాచాను. సాయంత్రం అరుగు మీద, ఇరుగుపొరుగు చూస్తుండగా, మా ఆవిడ నడుముకి సింహాలు రాశాను. గబగబా ఎండిపోయింది. మచ్చ కూడా సరిగ్గా పడలేదు. అమ్మ చేతికంటే కొడుకు చెయ్యి గొప్పదన్నారు. మా ఆవిడ ఆ పొగడ్తలన్నీ వింటూ నావైపు ఒకసారి చూసింది. పని బిళ్ళలది, పేరు సింహాలది. నేను మాత్రం కాదనలేదు.

ఆ పేరు ఉప్పాడ దాకా పోయింది. అక్కణ్ణించి వచ్చింది వరాలమ్మ. అసలు పేరు ఇది కాదు.

వరాలమ్మ జాందానీ నేసేది. ఆ నేత మీరు చూశారో లేదో. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పడుగు పోగుల మధ్య చేత్తో ఒక్కొక్క పోగు చొప్పిస్తూ పువ్వు నిలబెట్టాలి. చూపు తేడా వస్తే పువ్వు కాస్తా పక్కకి ఒరుగుతుంది. వరాలమ్మా ఆవిడ కోడలు దేవీ ఒకే మగ్గం మీద కూర్చునేవారు. అత్తాకోడళ్ళు ఒకే బల్ల మీద రోజంతా కూర్చుని పోట్లాడుకోకుండా పని చేసేవారంటే వాళ్ళ వీధిలో వింతగా చెప్పుకునేవారట. "మా చీర తిరగేసి చూసినా పువ్వు ఇలాగే ఉంటుందండి, ఏది లోపలో ఏది బయటో మీరు చెప్పలేరు" అంది వచ్చీరాగానే, అంత మంటలోనూ. నాకు నచ్చింది ఆవిడ. గర్వం గర్వాన్ని ఇట్టే పోల్చుకుంటుంది.

ఎడమవైపు నుదురంతా పొక్కులు. జుట్టులోంచి కనుబొమ దాకా, కనురెప్ప మీదికి కూడా. ముక్కుకొసన ఒకటి.

ముక్కుకొసన ఒకటి. నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను. వెలుతురు తక్కువ అనుకున్నాను, జాజు అరగదీసే హడావుడిలో ఉన్నాననుకున్నాను. పొద్దుటి ఎండ అరుగు మీద తిన్నగా పడుతోంది. నేను చూశాను.

కోడలు దేవి అరుగు కింద నిలబడి ఉంది. తణుకు పిల్ల. ఇంటర్ చదివింది. "మేష్టారండీ, కంటి దగ్గర కదండీ, కాకినాడ తీసుకెళ్ళమంటారా?" అని అడిగింది, మెల్లగా. అడగాల్సిన మాటే అడిగింది. మా అమ్మ చెప్పిన మాటా అదే, రాజమండ్రి డాక్టరు చెప్పిన మాటా అదే. ముగ్గురూ ఒకటే చెప్పారు. నేను ఏమన్నానో తెలుసా? "నేనున్నాను కదమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? అరుగు మీద ఇంకో నలుగురున్నారు. ఉప్పాడ నుంచి నా పేరు విని వచ్చిన మనిషిని, మెడ పైన నాకు చేతకాదని పంపెయ్యడం నావల్ల కాలేదు. బిళ్ళలున్నాయి, ఇవాళే వెళ్ళండి అని చెబితే, మరి మీ ఆవిడకి సింహాలే కదా రాశారు అంటారు. ఇవన్నీ అప్పుడు విడివిడిగా ఆలోచించలేదు. ఒక్క క్షణంలో ఛాతీ ముందుకొచ్చింది, నోటినుంచి ఆ మాట వచ్చింది. అంతే జరిగింది.

రాశాను. ఆ నుదుటి మీద రాసిన సింహం నా జీవితంలో నేను గీసిన అన్ని బొమ్మల్లోకీ మంచిది. జూలు ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. రాసి, వెనక్కి జరిగి, తల వంచి చూసుకున్నాను కూడా. ఇది చెప్పడానికే అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

తర్వాతిది మీరు ఊహించే ఉంటారు. కన్ను ఎర్రబడింది, వాచింది. పథ్యం గట్టిగా ఉండమని కబురు పంపాను. చివరికి దేవి ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచి అత్తని కాకినాడ తీసుకెళ్ళింది. అప్పటికి ఆలస్యమైపోయింది. నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలిపోయింది. ఎడమకన్ను పోయింది.

నెలా రెండు నెలలకి ముగ్గురూ మా అరుగు మీదికి వచ్చారు. వరాలమ్మ, ఆవిడ కొడుకు, దేవి. తిట్టడానికి వచ్చారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వరాలమ్మ అరుగు అంచున కూర్చుంది. అప్పుడు జరిగిన మాటలు నాకు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"మేష్టారండీ, ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి."

"అడగమ్మా."

"మీరు రాసిన మర్నాడు మా కోడలు ఎండురొయ్యలు తాళింపేసిందండి. నేను మగ్గం గదిలో పడుకున్నాను. వాసన నా ముక్కుకి సోకిందండి."

దేవి స్తంభం పక్కనుంచి అంది. "తలుపేసే వేశానండీ. పిల్లాడు రెండురోజుల్నించీ చప్పిడి తిండి తినట్లేదని..."

"నిన్నడగలేదు. మేష్టార్ని అడుగుతున్నాను. చెప్పండి బాబూ. దానివల్లేనా నా కన్ను పోయింది?"

నేను దేవి వైపు చూశాను. దేవి నావైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఆశ ఉంది. చదువుకున్నాయన, సైన్సు మేష్టారు, తాళింపుకీ కంటికీ సంబంధం లేదని ఇప్పుడు చెప్పేస్తాడని నిలబడింది పాపం.

"చెప్పండి, దానివల్లేనా?"

"ఊఁ."

అదీ నేను మోస్తున్నది.

దేవి అప్పుడు నోరు తెరిచి, ఆ రోజు కాకినాడ వెళ్దామని నేనంటే ఈయనే వద్దన్నాడు అని ఉండొచ్చు. అంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలియదు. ఆ పిల్ల అనలేదు. తల వంచుకుని మెట్లు దిగి, దిగాక వెనక్కి తిరిగి "వస్తామండీ" అంది. పెద్దవాళ్ళ ఇంటినుంచి చెప్పకుండా వెళ్ళకూడదని నేర్పారు కాబోలు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎన్ని రాత్రులు నిద్ర పట్టకపోయినా నాకు ముందు వినపడేది వరాలమ్మ గొంతు కాదు, ఆ "వస్తామండీ".

ఆ తర్వాత వాళ్ళ వీధిలో దేవికి ఒక పేరు పెట్టారు. అత్త కన్ను తిన్న కోడలు. సైన్సు మేష్టారే ఒప్పుకున్నాడట అని దానికి ఒక సాక్ష్యం కూడా ఉంది. ఆ పేరుతో ఎన్నాళ్ళని నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్తుంది? మొగుణ్ణీ పిల్లాణ్ణీ తీసుకుని తణుకు వెళ్ళిపోయింది. బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనిలో చేరిందని విన్నాను. నేసే చేతులు. వరాలమ్మకి ఒక కంటితో లోతు తెలియక పోగు దొరకదు. పక్కన కూర్చునే మనిషీ లేదు. మగ్గం విప్పేశారు. ఆవిడ వేరేవాళ్ళకి రాట్నం మీద కండెలు చుట్టి పెడుతోంది.

నేను నాకు చెప్పుకున్న సాకులన్నీ మీకు చెప్పనా? బిళ్ళలు వేసినా కన్ను పోయేదేమో. ఎవరికి తెలుసు, పోయేదే అయ్యుంటుంది. ఆసుపత్రికి వెళ్ళొద్దని నేను నోటితో అనలేదు. వాళ్ళింటి గొడవలు ముందే ఉండి ఉంటాయి, తాళింపు ఒక వంక అయ్యుంటుంది. ఇలాంటివి చాలా కూడబెట్టాను. కానీ ఒక్క ప్రశ్న దగ్గర అన్నీ కూలిపోయేవి. ఆ పూట "కాదు" అనడానికి ఏం అడ్డొచ్చింది? కాదంటే, మరి దేనివల్ల అని అడుగుతుంది. దానికి జవాబు చెబితే పోపులపెట్టె వెనకాల బిళ్ళలు బయటికి రావాలి. మా ఆవిడ నడుము, మా అమ్మ సింహాలు, నా పేరు, ఒకదాని వెంట ఒకటి కూలాలి. ఏదో ఒక ఇల్లు కూలక తప్పదని తెలిసి, నాది కాకుండా వాళ్ళది చూపించాను. బొల్లి అంటదని పులిహోర తిన్నవాణ్ణి. తాళింపు వాసనకి కన్ను పోతుందంటే ఊఁ కొట్టాను.

తర్వాత సర్పి రాయడం మానేశాను. చెయ్యి వణుకుతోందని చెప్పాను. వణకలేదు, ఇప్పటికీ వణకదు. ఊరికి అది కూడా గొప్పగానే కనబడింది. చూడండి, చెయ్యి నిలవకపోతే ఒక్క గీత కూడా గీయడు, ఎంత నిష్ఠ అన్నారు. మానేసినా పేరే వచ్చింది. ఆ పేరు కూడా తీసుకున్నాను.

పోయిన వేసవిలో నాకు సర్పి లేచింది. ఎడమ పక్కటెముకల మీద.

ఆగండి. ఇది శిక్ష అనుకోకండి. నన్ను ఎరిగిన ఎవరికి చెప్పినా, చూశారా దేవుడున్నాడు అంటారు. నేను ఒప్పుకోను. వైరస్‌కి న్యాయం తెలియదు. వయసు మళ్ళింది, సత్తువ తగ్గింది, లేచింది. శిక్ష అని నమ్మితే మళ్ళీ తాళింపు కథలోకే వెళ్ళినట్టు. ఈ ఒక్క విషయంలో నా సైన్సుని వదలను.

ఆ పూటే రాజమండ్రి వెళ్ళాం. అదే బిళ్ళలు. పొక్కులు ఎండిపోయాయి. కానీ చర్మం మానినా లోపల నాడి మానలేదు. నా వయసువాళ్ళకి అలా జరుగుతుందట. ఇప్పటికీ చొక్కా గుడ్డ తగిలితే మంట. పిల్లలకి పసుపు చాక్‌తో గీసి చూపించిన నాడి కొసలు ఒక్కొక్కటీ ఎక్కడున్నాయో ఇప్పుడు నాకు బాగా తెలుసు. వరాలమ్మకి ఈ మంట నుదుటి మీద, కంటి మీద. దాని మీద నేను సింహం జూలు దిద్దాను.

ఇంకా ఆ బిళ్ళలు వాడుతున్న రోజుల్లో ఒకపూట మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసూ బిళ్ళా తెచ్చి నా ముందు పెట్టింది. బయట అరుగు మీద ఎవరో పలకరించడానికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ తలుపు వైపు చూసి, నావైపు చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది. "ఇవి ఈసారి కూడా దాచాలాండీ?"

ఇన్నేళ్ళలో ఆవిడ అడిగింది అదొక్కటే. ఆవిడకి ఉప్పాడ సంగతి అంతా తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. నాకు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. బిళ్ళ అరుగు మీదికి తీసుకెళ్ళి, వచ్చినాయన ఎదురుగానే వేసుకున్నాను. అదేమీ పెద్ద వీరత్వం కాదు. కానీ ఆ మర్నాడు ఉప్పాడ ఆటో ఎక్కాను.

సముద్రం ఆ వీధిని కూడా కొరికేసింది. మొదటి వరస ఇళ్ళు లేవు, రాళ్ళు పోసి ఉన్నాయి. వరాలమ్మది ఇప్పుడు ఒడ్డున ఇల్లయింది. పంచలో రాట్నం తిప్పుతోంది. నేను చూసుకోకుండా ఎడమవైపు స్టూలు మీద కూర్చున్నాను. నన్ను చూడడానికి ఆవిడ మెడంతా తిప్పాల్సి వచ్చింది. లేచి రెండోవైపు వెళ్ళి కూర్చున్నాను. "ఎంత దూరం వచ్చారండీ బాబూ" అని లేవబోయింది. కూర్చోమని చెప్పాను.

ఆటోలో అంత దూరం కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. బల్ల ముందు నలభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషిని, తడబడ్డాను. తాళింపు వల్ల కాదన్నాను. దానికి బిళ్ళలున్నాయన్నాను. నాకు అప్పుడే తెలుసన్నాను. మా ఆవిడకి అవే వేసి మీకు చెప్పలేదన్నాను. మీ కోడలు ఆసుపత్రికి తీసుకెళ్తానంటే నేనే అడ్డుపడ్డానన్నాను. ఆమె తప్పు లేదు, నాది.

రాట్నం ఆగింది. తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. క్షమిస్తుందేమోనని కూడా చూశాను, దాచడమెందుకు. పిలవని చుట్టంలా ఆ ఆశ నాతోపాటు ఆటో ఎక్కి వచ్చింది. ఆవిడ అవేవీ చెయ్యలేదు. బొడ్లోంచి ఫోను తీసింది. కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక నంబరు వెతికి నొక్కి, మోగుతుండగా నా చేతిలో పెట్టింది.

"నాక్కాదండి. దానికి చెప్పండి" అంది. అని మళ్ళీ రాట్నం పట్టుకుంది. తిప్పలేదు, ఊరికే పట్టుకుంది.

ఫోను మోగుతోంది. ఇన్నేళ్ళలో ఆ ఇంటినుంచి ఆ నంబరుకి ఎన్నిసార్లు మోగిందో, అసలు మోగిందో లేదో నాకు తెలియదు. చెవికి ఆనించుకున్నాను.

"అత్తయ్యా?" అంది దేవి. గొంతు ముదిరింది. నేను మాట్లాడకపోయేసరికి, "ఎవరండీ?" అంది.

నా పేరు చెప్పాను. ఇన్ని కాగితాలు నింపి మీకు చెప్పని పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. నా పేరు పలికితే ఎదుటివాళ్ళు లేచి నిలబడడం అలవాటైన మనిషిని. అదే పేరు నోట్లోంచి అంత బరువుగా రావడం అదే మొదటిసారి. కానీ అది బయటికి వచ్చాక ఛాతీ మీదినుంచి ఏదో దిగింది. దిగిందని చెప్పుకోవడానికి సిగ్గుపడను. దాన్ని దాచుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. గర్వం కూడా పోలేదు. నిజం చెప్పడానికి ఇంత దూరం వచ్చానని లోపల ఒక మూల అది అప్పుడే ఛాతీ విరుస్తోంది. అయినా చెప్పాను. ఆ రోజు నువ్వడిగిందే సరైన మాటమ్మా అన్నాను. తాళింపుకి ఏ పాపమూ తెలియదన్నాను. బిళ్ళల సంగతి, ముక్కుకొసన పొక్కు సంగతి, నువ్వు నావైపు చూస్తుంటే నేనన్న ఊఁ సంగతి, అన్నీ.

అటువైపు నుంచి ఏమీ రాలేదు. బట్టల కొట్టు చప్పుడు వినబడుతోంది, ఎవరో చీర రంగు అడుగుతున్నారు. వింటోందో, ఫోను బల్ల మీద పెట్టేసి పనిలోకి వెళ్ళిపోయిందో తెలియలేదు. ఊఁ అని కూడా అనలేదు. నేను చెబుతూనే ఉన్నాను.